మందను వెతుక్కుంటూ వచ్చిన పెళ్లి

మా ఎదురింటి పెద్దాయన మొన్న సాయంత్రం చేతిలో ఫోను పట్టుకొని, ముఖం చిట్లించుకొని వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఆయన మనవడి పెళ్లి గోవాలో, సముద్రం ఒడ్డున జరుగుతుందట. శుభలేఖ కూడా కాగితం మీద కాకుండా ఫోనులోనే, కదిలే అలలతో, వెనక సన్నాయి పాటతో వచ్చింది. సూర్యాపేటలో వీధికో ఫంక్షన్ హాలు పెట్టుకొని అంత దూరం పరుగెత్తడం ఎందుకని ఆయన బాధ. "గిసోంటి చోద్యం మన దిక్కు ఎవరన్న చేసిండ్రా? మీరెప్పుడన్న ఇన్నరా?" అని నన్ను నిలదీశారు. వినడమేమిటి, మా ఇంట్లోనే చేశాం, ఇసుకలో కూర్చొని పెళ్లికొడుకు కాళ్లు కడిగినవాణ్ణి నేనే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇచ్చిన టీ తాగి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆయన నమ్మకపోతే పోనీ, నా ఈడువాళ్లు మీరైనా నమ్ముతారని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది సూర్యాపేటకు దగ్గరి పల్లె, తాతల నాటి నుంచి గొర్రెల మందే మా బతుకు. నేను ఇంటర్ చదువుతుండగా నాన్న పోయారు. పుస్తకాలు అటక మీద పెట్టి కర్ర అందుకున్నాను గానీ చదువు మీద మమకారం పోలేదు, గట్టు మీద కూర్చొని దొరికిన దినపత్రికనల్లా ప్రకటనలతో సహా చదివేవాణ్ణి. చెల్లెలు అప్పటికి చాలా చిన్నది, నా భుజమెక్కి మంద వెంట తిరిగేది. దాని చేతికి మాత్రం కర్ర రానివ్వకూడదని ఆనాడే గట్టిగా అనుకున్నాను. మిర్యాలగూడ హాస్టల్లో ఉంచి చదివించాను, అది చదువుకొని నిడమనూరు దగ్గర సర్కారు బడిలో టీచరైంది. మొదటి రోజు అది బడి మెట్లెక్కుతుంటే రోడ్డవతల నిలబడి చూశాను, లోపలికి మాత్రం పోలేదు.

మంద మీద తిరిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే వారికి చెప్పనక్కరలేదు, లేనివాళ్ల కోసం చెబుతాను. పుష్యమాసం దాటి మా వైపు చెరువులు అడుగంటగానే మేం ఇల్లు విడిచేవాళ్లం. నిడమనూరు, మిర్యాలగూడ చుట్టూ సాగర్ కాలువ కింద రెండో పంట పచ్చగా కళకళలాడుతూ ఉండేది, అయితే ఆ పచ్చదనం మా జీవాలది కాదు, ఒక్క మూతి తగిలినా తగువే. అందుకని రోడ్డంచునే తోలుకుంటూ వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పల్నాడు మీదుగా మెల్లగా బాపట్ల వైపు దిగేవాళ్లం. అక్కడ మినుము తీసిన పొలాల్లో మేత దొరికేది, మందను ఏ రైతు పొలంలో నిలిపితే ఆ రైతు ఎరువు పడిందన్న సంతోషంతో మాకు బియ్యం కొలిచేవాడు. మళ్లీ మృగశిర కార్తెలో తొలకరి పడితేనే ఇంటి ముఖం చూసేది. ఇప్పటి కుర్రవాళ్లు ఉద్యోగాలు మానేసి నెలల తరబడి దేశం చూడటానికి పోతున్నారని పేపర్లో చదివితే నాకు నవ్వొస్తుంది, మేం ఏటేటా చేసిన పని అదే కదా, కాకపోతే మాకు ఫొటో తీసేవాళ్లు లేరు.

మంద ఉన్న ప్రతి ఇంటికీ సొంత కేక ఒకటి ఉంటుంది. నాలుకను అంగిట్లో గిరగిరా ఆడించి, చివర్లో ఒక రకమైన సాగదీతతో వదిలే పిలుపు అది. పది మందలు కలిసిపోయిన చోట కూడా ఎవరి కేకకు వారి జీవాలే చెవులు రిక్కించి వెనక్కి మళ్లుతాయి. మా కేక తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు వచ్చింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు, విని విని నోటికి పట్టేది.

చెల్లెలికి కోదాడ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకుది మా కులమే, వాళ్లకూ ఒకప్పుడు మందలుండేవట గానీ, తర్వాత అందరూ చదువుకొని బడులకూ ఆఫీసులకూ చేరిపోయారు. పెళ్లికొడుకు బ్యాంకులో, వాళ్లమ్మ కోదాడలోనే టీచరు. చెల్లెలికీ, అత్తగారికీ సెలవులు దొరికేది ఎండాకాలంలోనే కాబట్టి ముహూర్తం వైశాఖంలో వచ్చింది. వైశాఖంలో నేను ఎక్కడుంటాను, బాపట్ల పొలాల్లో ఉంటాను. నాన్న లేరు కనుక కన్యాదానం నేనూ నా భార్యా చేయాలి. మా ఇద్దరితో పాటు మంద మీద ఉన్నది మా బావమరిది ఒక్కడే. ఈనిన గొర్రెలు, నడవలేని పిల్లలు, చుట్టూ కుక్కలు, అంత మందను అతని ఒక్కడి మీద వదిలి మేమిద్దరం రోజుల తరబడి సూర్యాపేట పోవడం కుదిరే పని కాదు. అందుకని కాలువ కట్టెక్కి, సిగ్నలు దొరికిన చోట నిలబడి చెల్లెలికి ఫోను చేసి, బాబాయి పిన్నిల చేత కన్యాదానం చేయించుకొమ్మని చెప్పాను. మామూలుగా చెప్పాననే అనుకున్నాను గానీ చివరి మాట రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

 అది వెంటనే, "నువ్వు మందనిడిసి రాలేవు. నువ్వు లేకుండ నేను పీటల మీద కూసోను. ఇగ పెండ్లే నీ కాడికొస్తది, ఫోన్ పెట్టేయ్ అన్నా" అంది. తమాషాకు అన్నదనుకున్నాను. వారం తిరగక ముందే కోదాడ వెళ్లి కాబోయే అత్తగారితో తానే మాట్లాడి, బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున, సరుగుడు తోట పక్కన ఒక చిన్న బసను కుదుర్చుకొంది. ఆవిడ కూడా, మావాళ్లకూ సముద్రం చూసినట్టు ఉంటుందని సరేనన్నారట. మా అమ్మ ఒక్కతే ససేమిరా అంది. "ఇసుకల పెండ్లేందిరా, గాలికి దీపం నిలుస్తదా?" అని నాకు ఫోను చేయించి మరీ గోల పెట్టింది.

పెళ్లి రోజున సూర్యాపేట నుంచి మా బస్సు మిర్యాలగూడలో చెల్లెలి తోటి టీచర్లను ఎక్కించుకొని వచ్చింది, కోదాడ నుంచి వాళ్ల బస్సు వేరే వచ్చింది. సాయంత్రం గోధూళి ముహూర్తం. మావాళ్లలో చాలామందికి సముద్రం చూడటం అదే మొదలు. బస్సు దిగడం ఆలస్యం, పంచెలు ఎగ్గట్టుకొని పెద్దలూ, చీరలు దోపుకొని ఆడవాళ్లూ నీళ్లలోకే దిగారు, వేసిన కుర్చీలన్నీ ఖాళీగానే ఉండిపోయాయి. అమ్మ దోసెడు నీళ్లు నోట్లో పోసుకొని ఉమ్మేసి, "ఇన్ని నీళ్లు పెట్టుకొని జీవాలకు తాగనీకె పనికిరాకపాయె" అని సముద్రాన్నే కోప్పడింది.

నా సంగతి మాత్రం అంత తేలిగ్గా లేదు. నా భార్య కుంకుడుకాయతో ఎంత రుద్దినా నెలల తరబడి ఒంటికి పట్టిన మంద వాసన పోలేదు. కొత్త పంచె కట్టినా ఎండకు మాడిన ముఖం మాడిన ముఖమే. పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన నన్ను టెంటు మనిషి అనుకొని ఆ కుర్చీలు జర ముందుకు జరపమన్నారు, నేను జరిపాను. ఆయన మీద కోపమేమీ రాలేదు గానీ భయం పట్టుకుంది. ఇంత చదువుకున్న నా చెల్లెలు, ఇంతమంది ఉద్యోగస్తుల ముందు, నా మూలంగా ఒక్క మెట్టు కూడా కిందికి దిగకూడదు. ఎక్కువ మాట్లాడకుండా చేయవలసింది చేసి, దూరంగా జరిగి నిలబడదామని మనసులో తీర్మానించుకున్నాను.

పందిరి అంతా తెల్లటి గుడ్డలు కట్టారు, గాలికి అవి రెపరెపలాడుతుంటే పంతులుగారు అలల హోరుకు మించి మంత్రాలు అరవవలసి వచ్చింది. పీటల కింద మా ఆచారం ప్రకారం నల్ల గొంగడి పరిచాం. పెళ్లికొడుకు కాళ్లు కడిగాను. చెల్లెలి చేతిని అతని చేతిలో పెట్టి కింద నా చేయి పట్టాను, నా భార్య చెంబుతో ధార పోస్తోంది. సరిగ్గా అప్పుడు సరుగుడు తోటలోంచి గొర్రెల అరుపు వినిపించింది.

మంద మా బావమరిది దగ్గర, ఆ వెనక పొలాల్లో ఉండవలసింది. పాపం, చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్ల పెళ్లి, తాళి కట్టడమైనా దూరం నుంచి చూసి మళ్లుదామని మందను తోట అంచు దాకా తోలుకొచ్చాడు. సాయంత్రపు నీళ్లు ఇంకా పెట్టలేదు. సముద్రం సంగతి అతనికి తట్టలేదు, నాకూ తట్టలేదు. దాహంతో ఉన్న జీవాలకు కంటి నిండా నీళ్లు కనిపించాయి, అంతే, ముందున్న పొట్టేలు ఉరికింది. గొర్రెదాటు అంటే ఏమిటో ఆ పెళ్లికి వచ్చినవాళ్లంతా కళ్లారా చూశారు. కుర్చీలు బోర్లా పడ్డాయి, తెల్ల గుడ్డలు కొమ్ములకు చుట్టుకొని వెంట పోయాయి, జనం చెల్లాచెదురయ్యారు. వెనక నుంచి బావమరిది కేకలు పెడుతున్నాడు గానీ గాలి ఎదురు, ఒక్కటీ వినిపించుకోలేదు. వేసవి దాహం మీద ఆ ఉప్పునీళ్లు కడుపు నిండా తాగితే జీవాలకు పారుడు రోగం పట్టి మందకు మందే మట్టి కరుస్తుంది.

నేను ఒక్క కేక వేస్తే ఆగుతాయి. కేక నోటి దాకా వచ్చింది. అయితే ఆ పీటల దగ్గర, ఆ పెద్దమనుషుల ముందు, కన్యాదానం చేస్తున్న చేయి అలాగే ఉంచి గొర్రెల కేక ఎలా వేయను? రేపటి నుంచి ఆ ఇంట్లో బతకవలసింది నా చెల్లెలు కదా. కేకను మింగేసి, కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కేక నా పక్కనుంచి లేచింది. నాలుక అంగిట్లో గిరగిరా తిరిగిన ఆ మోత, ఆ సాగదీత, అచ్చంగా నాన్నదే. కళ్లు తెరిచి చూస్తే, నుదుట బాసికంతో, పెళ్లికొడుకు చేతిలోంచి చేయి తీయకుండానే, మెడ సముద్రం వైపు తిప్పి చెల్లెలు పిలుస్తోంది. ఒకసారి కాదు, మందలోని చివరి గొర్రె తల తిప్పేదాకా పిలిచింది. ఆ జీవాల్లో చాలా భాగం దాన్ని ఎన్నడూ చూసి ఎరగవు, అయినా అల అంచున నిలిచిపోయి, చెవులు రిక్కించి, ఒక్కుమ్మడిగా వెనక్కి తిరిగాయి. ఆ కేకకు అర్థం దగ్గరికి రమ్మని కాబట్టి సరాసరి పందిట్లోకే వచ్చి, పీటల చుట్టూ మూగి నిలబడ్డాయి. నేను లేవబోతుంటే దాని అత్తగారు నా భుజం మీద చేయి వేసి ఆపారు. "లేవొద్దు తమ్ముడూ, కూర్చోండి. మా నాయన పోయినంక ఇట్లాంటి కేక మళ్లీ ఇయ్యాలే విన్నా. ఇంత గొంతున్న కోడలు ఊరికే దొరుకుద్దా?" అన్నారు. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు గానీ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మిగిలిన పెళ్లి మంద నడుమనే జరిగింది. పంతులుగారు ఒక గొర్రెపిల్లను మోకాలితో నెట్టుకుంటూ మాంగల్యం అందించారు, తలంబ్రాల బియ్యం సగం పొట్టేలు తింది. నన్ను కుర్చీలు జరపమన్న పెద్దమనిషి దారి తప్పిన పిల్లనొకదాన్ని చంకలో పెట్టుకొని, ఎవరికివ్వాలో తెలియక నా దగ్గరికే తెచ్చారు. తాళి పడగానే బావమరిది మందను మంచినీళ్లకు తోలుకుపోయాడు. పెళ్లికూతుర్ని అప్పగించేటప్పుడు అన్నలు ఏడుస్తారంటారు, నేను ఏడవలేదు, నా రొమ్ము అంగుళం పొంగింది. దాన్ని మందకు దూరం చేయడానికే చదివించాననుకున్నాను, అది మందనూ నన్నూ ఎవరి ముందూ దాచుకోలేదు. నా జీవితంలో నేను సంపాదించింది ఏమిటని ఎవరడిగినా ఆ సాయంత్రాన్నే చూపిస్తాను.

ఇప్పుడు చెల్లెలు కోదాడలో హెడ్‌మిస్ట్రెస్. బావమరిది మిర్యాలగూడలో రైసుమిల్లు పనికి కుదిరాడు. నా మోకాళ్లు మొరాయించాక మందను అమ్మేసి సూర్యాపేటకు చేరాం. బాపట్ల వైపు మేం మంద నిలిపిన పొలాల్లో చాలా వాటిని చెరువులు తవ్వి రొయ్యలు పెంచుతున్నారని విన్నాను, ఇంకా మందలున్నవాళ్లు లారీల్లో ఎక్కించుకొని పోతున్నారట. వలస రోజుల్లో నేను పోలేకపోయిన పెళ్లిళ్లు ఎన్నో, పోయినవాళ్లు వచ్చి చెబితే వినేవాణ్ణి. ఇప్పుడు ఏ నెలలో, ఏ ఊళ్లో ముహూర్తం పెట్టినా నాకు అడ్డులేదు, ఆటో ఎక్కి బస్టాండుకు పోతే చాలు. పిలుపులూ తప్పకుండా వస్తున్నాయి, నేనూ తప్పకుండా పోయి ముందు వరసలో కూర్చుంటున్నాను. నేను సూర్యాపేటలోనే ఉంటానని అందరికీ తెలుసు. ఎక్కడున్నానో కనుక్కొని, నేనున్న చోట పందిరి వేయవలసిన పని ఇక ఎవరికీ లేదు.