పావు చుట్టు తిప్పి ఆగమన్న మా సత్తెన్న

సత్తెన్న ఇక లేడు.

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరుతుంటే ఫోన్. స్క్రీన్ మీద అన్న పేరు. ఇవాళ ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఎత్తాను.

అటు వైపు వదిన. "మీ అన్న పోయిండు చెల్లె. డ్యూటీకి తయారైతుండె. ఛాతీల నొస్తాందన్నడు. దవాఖానకు తీస్కపోయే లోపల్నే అయిపోయింది."

టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ టైప్ చేస్తున్నా. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. సత్తెన్న నాకు రక్తసంబంధం కాదు. సూరారంలో ఒక షెడ్‌లో లోహం చెక్కే లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. ఇల్లు గండిమైసమ్మ దగ్గర.

గిటార్ వాయించడం రాదు. ఒక్క పాట కూడా రాదు. కానీ గిటార్‌ని విప్పి, సరిచేసి, మళ్లీ బిగించడంలో ఆయనంత ఓపిక ఉన్నవాణ్ని నేను చూడలేదు. పాత సామాన్ల షాపుల్లో దొరికిన విరిగిన గిటార్లను విప్పి విప్పి సొంతంగా నేర్చుకున్నాడు. మొదటి రెండూ తన చేతుల్లోనే నాశనమయ్యాయని నవ్వుతూ చెప్పేవాడు.

నేను మేడ్చల్‌లో ఒక స్కూల్ పిల్లలకు గిటార్ నేర్పుతా. నాలుగేళ్ల క్రితం నా గిటార్ తీగలు పైకి లేచిపోయి, నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. షాపువాళ్లు పనికిరాదు, కొత్తది తీసుకోమన్నారు. నా స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ల నాన్న అదే షెడ్‌లో పనిచేస్తాడు. ఆయనే నన్ను సత్తెన్న ఇంటికి పంపాడు.

అన్న ఒక కన్ను మూసి గిటార్ మెడ పొడవునా చూశాడు. "మెడ వంగింది. గంతే. మంచిగైతది."

మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుందని, దాని చివర నట్ బిగిస్తే మెడ తిన్నగా అవుతుందని నాకు అప్పుడే తెలిసింది. స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకు భయమైతాందన్నా, మీరే తిప్పుండ్రి" అన్నా.

"నీ గిటార్, నువ్వే తిప్పు. పావు చుట్టు. ఇగ బంద్. మల్ల రేపు చూద్దాం."

"ఇంకింత తిప్పితే ఇయ్యాల్నే అయిపోతది గదన్నా?"

"కట్టెకు టైమియ్యాలె చెల్లె. నీకున్న తొందర దానికి లేదు."

అదీ ఆయన పద్ధతి. పావు చుట్టు, ఒక రోజు. నేనేమో చాయ్ ఆరేదాకా కూడా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. మా ఇల్లున్న అలియాబాద్ నుంచి బస్సులు మారి మూడు రోజులు వెళ్లాను, రోజుకో పావు చుట్టు తిప్పడానికి! మూడో రోజు గిటార్ పలికిన తీరుకి ఏడ్చేశా. వదిన మక్కగారెలు పెట్టింది.

తర్వాత అన్నీ నేర్పాడు. తీగలు మార్చడం, మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లు రుద్దడం, మెడకు నూనె పట్టించడం. ఒక్కసారి కూడా పని తన చేతిలోకి తీసుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకాల నిల్చునేవాడు. నేను తప్పు చేయబోతే దగ్గేవాడు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

పోయిన నెల స్కూల్ యాన్యువల్ డే ముందు రోజు సాయంత్రం. వారం నుంచి వాన. శామీర్‌పేట చెరువు గాలికి మా ఇల్లంతా చెమ్మ. మెడ వంగి తీగలు మళ్లీ లేచాయి. తెల్లారితే ప్రోగ్రాం. పావు చుట్టు దగ్గర నేను ఆగలేదు. బలమంతా పెట్టి తిప్పా. కదలకపోతే ఇంకా గట్టిగా తిప్పా.

స్పానర్ జారింది. నట్ మూలలన్నీ అరిగిపోయాయి. ఇప్పుడది ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ప్రోగ్రాంలో అలాగే వాయించా, వేళ్లు వాచిపోయాయి. పిల్లలు అడిగితే నిజం చెప్పేశా. అన్నకు చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "గిటార్ మంచిగున్నదా చెల్లె?" అంటే "సూపర్ అన్నా" అన్నా. "ఒకపారి రారాదు" అంటే పరీక్షలని చెప్పా. మూడు వారాలు ఇలాగే తప్పించుకున్నా.

నిన్న మగవాళ్లు దహనం చేసి తిరిగొచ్చాక, వదిన నన్ను పక్కకు పిలిచింది. అన్న టిఫిన్ డబ్బాలోంచి చిన్న కాగితం పొట్లం తీసి ఇచ్చింది. లోపల ఇత్తడి నట్. లేత్ మీద తనే చేశాడు. నా గిటార్ కొలత ఆయనకు కంఠతా వచ్చు.

"నీ గిటార్ ఖరాబైందని నీ దగ్గర నేర్సుకునే పిల్ల నాయిన షెడ్ల చెప్పిండట. గప్పటిసంది దీన్ని డబ్బల పెట్టుకోని తిరుగుతుండె. ఫోన్ల అడుగురాదు అని నేనన్న. తొందరేమున్నది, అదే వస్తది, అదే చెప్తది అన్నడు. పాతది ఎట్ల తియ్యాల్నో నువ్వొచ్చినంక చూపిస్తనన్నడు."



నా అబద్ధాలన్నీ తెలిసే విన్నాడు. కట్టెకు ఇచ్చినట్టే నాకూ టైమిచ్చాడు. వెళ్లాల్సింది నేను. వెళ్లలేదు.

కొత్త నట్ ఇప్పుడు నా గుప్పిట్లో ఉంది. పాతది మెడలో ఇరుక్కుని ఉంది. ఎలా తీయాలో చూపించాల్సిన మనిషి లేడు. ఎవరి దగ్గరికైనా తీసుకెళ్తే చేసిపెడతారంటున్నారు. నాకు చేసిపెట్టేవాళ్లు వద్దు. వెనకాల నిల్చుని దగ్గే మనిషి కావాలి. ఎక్కణ్నుంచి తేను?

సత్తెన్నా, ఇవాళ పొద్దున స్పానర్ పెట్టి చూశా. పట్టు దొరకలేదు. గట్టిగా లాగబోయి, నువ్వు దగ్గుతావేమో అని ఆగా.

చాలాసేపు ఆగా.

గిటార్ పక్కన పెట్టేశా. రేపు మళ్లీ చూస్తా.

నీకు అబద్ధం చెప్పానన్నా. నా గిటార్ మంచిగా లేదు. నేనూ మంచిగా లేను.

నువ్వు మాత్రం ఏ తొందరా లేని చోట చల్లగా ఉండు సత్తెన్నా.