ఇద్దరు ఏజెంట్లు, మంగమ్మ ఓటు

2004 సార్వత్రిక ఎన్నికల్లో నన్ను పిడుగురాళ్ల దగ్గర ఒక ఊళ్ళో పోలింగ్ కేంద్రానికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం లెక్చరర్ని. ప్రజాస్వామ్యం గురించి గంటలకొద్దీ చెప్పగలను గాని, బూత్ నడపడం వేరు. పైగా అది 'సమస్యాత్మక' కేంద్రం. అంతకుముందు ఎన్నికల్లో అక్కడ బ్యాలెట్ పెట్టెలో నీళ్ళు పోశారట. ఈసారి ఓటింగ్ యంత్రం. బందోబస్తుకు ఇద్దరు కానిస్టేబుళ్ళు.

మధ్యాహ్నం దాటాక మంగమ్మ అనే ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆవిడకు చూపు లేదు. అలాంటి ఓటరు వెంట పెద్దవాళ్ళెవరైనా ఒకరు లోపలికి వెళ్ళి, చెప్పిన గుర్తు నొక్కవచ్చు. ఆ సంగతి బయటపెట్టనని ముందే సంతకం చెయ్యాలి. అయితే ఒక మనిషి ఆ రోజుకి ఒక్కరికే తోడు వెళ్ళాలి. ఈ కోడలు పొద్దున్నే చూపు లేని మామగారిని తీసుకొచ్చి ఓటు వేయించింది.

"కుదరదండీ" అని లేచాడు సాంబయ్య. ఓటర్లను గుర్తుపట్టడానికి పార్టీలు బూత్‌లో కూర్చోబెట్టే ఏజెంట్లలో ఒకడు. అవతలి పార్టీ ఏజెంటు కోటేశ్వరరావుకు ఒళ్ళు మండింది.

"కొడుకు మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకి పోయాడు సార్. గుమ్మం దాకా వచ్చిన పెద్దావిణ్ణి తిప్పి పంపిస్తామా?"

ముసలావిడ కోటేశ్వరరావు పార్టీ మనిషి కాబట్టే ఇద్దరికీ ఇంత పట్టుదలని తేల్చేసుకున్నాను. బయట వరుసలో అరుపులు మొదలయ్యాయి. కానిస్టేబులు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. నాకు భయం వేసింది.

ఇంతలో మంగమ్మ గొంతెత్తింది. "ఒరేయ్ సాంబయ్యా, మీ గుర్తుకి వేద్దామనే గదరా పడుతూ లేస్తూ వచ్చింది! నన్నే ఆపుతావా?"

సాంబయ్య మొహం మాడిపోయింది గాని మాట మార్చలేదు. "మనోళ్ళని వదిలేస్తే రేపు వాళ్ళని ఏ మొహంతో ఆపుతాం పిన్నీ? ఇంకొకర్ని తెచ్చుకో."

కోటేశ్వరరావూ మారలేదు. "ఎవరికేస్తే ఏంటి సార్, పెద్దావిడ. వెయ్యనీయండి."

రూలు ప్రకారం ఇంకొకరు రావాల్సిందే అన్నాను. ఆడవాళ్ళ వరుసలోంచి ఒకామె, "నేను తీసుకెళ్తానండీ" అని ముందుకొచ్చింది. తీరా చూస్తే కోటేశ్వరరావు భార్య. ఈ ఓటు ఆమె చేతిలో పెట్టడానికి సాంబయ్య ఒప్పుకోకపోతే గొడవ ఖాయం. అతన్నే అడిగాను.

"ఇంకెవరికీ తోడెళ్ళలేదుగా? అయితే నాకేం అభ్యంతరం లేదండి" అని కూర్చున్నాడు.

మంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. యంత్రం కూత పెట్టింది. ఏ మీట నొక్కారో మాకు తెలియదు, తెలియకూడదు కూడా.

మనిషి ఏ పార్టీయో తెలిస్తే అతను ఏది న్యాయమంటాడో చెప్పేయొచ్చని అంతవరకూ నా నమ్మకం. సాంబయ్య తనవాళ్ళకు మినహాయింపు ఇస్తే ఓర్చుకోలేడు. కోటేశ్వరరావు పెద్దవాళ్ళకు అవమానం జరిగితే ఓర్చుకోలేడు. పార్టీలు ఆ తర్వాత. అప్పటినుంచి ఎవరితో వాదన వచ్చినా, ఇతనికి దీనివల్ల లాభమేమిటని చూడటం మానేసి, ఇతను ఏది చూసి ఓర్చుకోలేకపోతున్నాడని చూస్తాను.