ముక్కు శంకరప్పను కాపాడిన కంపు పురుగులు

పుంగనూరు సంతవీధిలో అప్పట్లో శంకరప్పలు చాలామందే ఉండేవారు. అందులో ఒకాయనకు ఇంటిపేరుకు బదులు ముక్కు ఉండేది. ముక్కు శంకరప్ప ఇల్లంటే సదుం బస్సు కండక్టరు కూడా ఏ మలుపులో దిగాలో చెప్పేవాడు. చూడడానికి అదేమంత గొప్ప ముక్కు కాదు. కాస్త లావుగా, కొస నొక్కినట్టు, ఎవరి మొహం మీదైనా ఉండదగిన ముక్కే. దాని ప్రతాపమంతా పనిలో ఉండేది.

ఆయన వెన్న కొని, కాచి, నెయ్యి అమ్మేవాడు. సంతరోజు పల్లెల ఆడవాళ్లు గిన్నెల్లో వెన్నముద్దలు తెచ్చేవారు. శంకరప్ప చిటికెడు తీసి, ఎడమచేతి వెనకవైపు రుద్ది, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. తీర్పు వెలువడేదాకా అరుగు మీద ఎవరూ దగ్గేవారు కాదు. పాలు పొగచూరాయా, పెరుగు పులిసిపోయిందా, వెన్నలో వనస్పతి చేరిందా, అన్నీ ఆ ముక్కే తేల్చేది. దాని మాట మీద మదనపల్లెలో హోటలు రాజగోపాల్, కుప్పంలో కొట్టు మారప్ప మూత తియ్యకుండానే టిన్నులు దించుకునేవారు.

తొంభై ఆరులో, వానాకాలం చివర, ఆయనకు జలుబూ జ్వరమూ వచ్చాయి. రెండూ పోయాయి. పోతూపోతూ వాసనను కూడా వెంటబెట్టుకుపోయాయి. పొద్దున భార్య మునిరత్నమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఇదేమిటి వేడినీళ్లు ఇచ్చిందని కోప్పడబోయి, గ్లాసులోకి చూసి ఆగిపోయాడు. లేచి వెళ్లి నేతి కడవలో తల పెట్టాడు. సామాను ఎత్తేసిన ఇంట్లోకి తొంగిచూసినట్టుంది.

టిన్నులు చూసి వస్తానని చెప్పి మదనపల్లె వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు ముక్కులోకి టార్చి వేసి చాలాసేపు పరిశీలించి, వాసన రావచ్చు, రాకపోనూవచ్చు అని సెలవిచ్చాడు. ఇంతటి శాస్త్రనిర్ణయాన్ని శంకరప్ప ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నదానికి కూడా. చూపు పోయినవాడికి జనం దారి చూపిస్తారు. వాసన పోయిన నెయ్యి వ్యాపారికి చూపించేది కూడా దారే, కాకపోతే బయటికి.

మునిరత్నమ్మకు పిల్లలు లేరు. పెరట్లో చిక్కుడు జాతి అనపతీగ ఉండేది. తంబళ్లపల్లె దగ్గర పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనాల వంశం అది. ఏటా పందిరెక్కి, మంచు మొదలయ్యేసరికి గుత్తులుగుత్తులుగా కాసేది. ఆ కాయల ఘాటు వీధి మొదటికే తగిలేదని చెప్పుకునేవారు. ఆమె గింజలు నానబెట్టి, తోలు పితికి, పితికిపప్పు కూర చేసి పది ఇళ్లకు పంపేది. ఆ వీధిలో ఆమెను ఎవరైనా తలుచుకున్నారంటే ఆ కూరతోనే.

అయితే అనపతీగను ఇష్టపడేవాళ్లలో మనుషులతోపాటు కంపు పురుగులు కూడా ఉన్నాయి. గింజంత ఉండే గుండ్రటి పురుగు. కాండాన్ని పట్టుకుని రసం పీలుస్తూ బారులు తీరుతుంది. దాని జోలికి పోకపోతే సాధువే. చేయి తగిలితే మాత్రం ఒక కంపు వదులుతుంది, దాన్ని కడగడానికి సబ్బు చాలదు, మరిచిపోవడానికి రోజు చాలదు. చలి ముదిరితే ఇంట్లోకి వస్తుంది. క్యాలెండరు వెనక, తలుపు సందుల్లో, మడిచిన చీరల్లో కాపురం పెడుతుంది. సాయంత్రం ట్యూబులైటు చుట్టూ తిరిగి సరిగ్గా సాంబారు గిన్నెలోనే పడుతుంది.

మునిరత్నమ్మ వాటితో పద్ధతిగా యుద్ధం చేసేది. పురుగును నలపకూడదు, అది మొదటి నియమం. తెల్లవారుజామున మంచుకు కొయ్యబారి ఉన్నప్పుడే కొమ్మ కింద బేసిను పట్టి దులపాలి. బేసినులో నీళ్లమీద కాస్త కిరసనాయిలు ఉండాలి. ఇంట్లో దూరినవాటిని మెత్తటి చీపురుతో చేటలోకి తోసి అదే నీళ్లలో పడెయ్యాలి. మందుల అంగడివాడు డబ్బా మందు కొట్టమన్నాడు గానీ, తినే కాయకు విషం కొట్టనని ఆమె తిరిగి వచ్చేసింది. పక్కింటి బయ్యమ్మ వేపకషాయం చెప్పింది. అదీ చల్లింది. వేపకషాయానికి పురుగులు కొన్ని పక్కింటికి వెళ్లి, బయ్యమ్మనే పలకరించి, తిరిగి వచ్చాయి.

ఆ చలికాలంలోనే రాజగోపాల్ ఒక టిన్ను వెనక్కి పట్టుకుని మదనపల్లె నుంచి స్వయంగా వచ్చాడు. నెయ్యి మాడు వాసన కొడుతోందట, గిరాకీలు పొంగలి వదిలేసి లేస్తున్నారట. వెన్న కొన్నదీ శంకరప్పే, కాచిందీ ఆయనే, మాడినట్టు తెలియనిదీ ఆయనకే. అప్పుడే గోడ మీది నుంచి ఒక పురుగు రాజగోపాల్ తెల్లచొక్కా మీద వాలింది. అతను ఉలిక్కిపడి దాన్ని అరచేత్తో కొట్టాడు. కొట్టి, చెయ్యి మొహానికి దూరంగా పట్టుకుని, అరుగు దిగి నిలబడ్డాడు.

“సూడప్పా,” అన్నాడు శంకరప్ప నిదానంగా. “పొద్దస్తమానం ఈ కంపులో కూసుంటే ముక్కు యాడ పని చేస్తాది?”

రాజగోపాల్ న్యాయం తెలిసినవాడు. అరచేతి సాక్ష్యాన్ని తోసిపుచ్చలేకపోయాడు. చెయ్యి కడుక్కుని, ఈసారి జాగ్రత్తప్పా అని చెప్పి బస్సెక్కాడు.

ఆ రోజు నుంచి శంకరప్పకు కంపు పురుగులు ఆప్తులయ్యాయి. వెన్న తూకంలో పొరపాటు రాదు, చూపులో రాదు. వాసనలో వస్తే మాత్రం పురుగులు పూచీ. ఊరంతా ఆయన మీద జాలిపడింది. అంతటి ముక్కుకు ఇంతటి కష్టమా అంది. పురుగులు లేకపోతే జాలి ఉండదు, జాలి లేకపోతే వ్యాపారం ఉండదు. అందుకని ఆయన ఒక పని మొదలుపెట్టాడు. రాత్రి భార్య సిద్ధం చేసుకున్న బేసినులోంచి వాసనకు ఒక్క చుక్క మిగిల్చి కిరసనాయిలు నీళ్లు పారబోసి, ఉత్త నీళ్లు నింపేవాడు. తెల్లారి ఆమె దులిపిన పురుగులు అందులో స్నానం చేసి, గట్టెక్కి, ఆరి, తిరిగి పందిరెక్కేవి. రేషన్ కిరసనాయిల్లోనే ఏదో కల్తీ ఉందని మునిరత్నమ్మ వీధంతా చెప్పింది. కల్తీ పట్టడంలో పేరుమోసిన భర్త తల ఊపి ఊరుకున్నాడు.

ఇలా మూడు చలికాలాలు గడిచాయి. పురుగులు వర్ధిల్లాయి. బేరం మాత్రం సన్నగిల్లింది. వెన్న తెచ్చేవాళ్లలో కొందరు తెలివిమీరారు. జాలి కూడా పాతబడింది.

రెండువేలో సంవత్సరం మొదట్లో కుప్పం నుంచి మారప్ప కబురు పెట్టాడు. అక్కడొక పెద్ద పెళ్లికి నెయ్యి అంతా తన పూచీ. ఇద్దరు అమ్మేవాళ్లు నమూనాలు ఇచ్చారు, ఒకదాంట్లో వనస్పతి ఉందని అనుమానం. ఏది మంచిదో శంకరప్ప తేల్చాలి, తేలిస్తే ఆ బేరమంతా ఆయన చేతిమీదే. ఆదివారం వస్తున్నాడు. శంకరప్ప బెదరలేదు. పురుగులు దండిగా ఉన్నాయి. మారప్ప చొక్కా మీద రెండు వాలితే చాలు, తీర్పు వాయిదా పడుతుంది.

శనివారం ఆయన సదుం వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధిలో పచ్చి పొగ. ఇంటి ముందు అనపతీగ, పూతతో, పిందెతో, ముదురుకాయతో కుప్పగా పడి కాలుతోంది. పెరట్లో పందిరి గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఇంట్లో క్యాలెండర్లు దింపేసి ఉన్నాయి. కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. గోడలకు కొత్త సున్నం, గదిగదికీ సాంబ్రాణి. ఒక్క పురుగు కనబడలేదు.

మునిరత్నమ్మ మోచేతుల దాకా గీతలు పడ్డ చేతులు కడుక్కుంటూ, “ఇంగ నీ ముక్కుకు అడ్డం లేదు,” అంది. “యాల అట్ల సూస్తాండావు? తీగ మళ్లీ ఎప్పుడన్నా పెట్టుకుంటా. పేరు పోతే యాడ తెస్తావు?”

విత్తనానికి నాలుగు కాయలన్నా దాచావా అని అడగబోయి, అడగలేకపోయాడు.

మారప్ప ఆదివారం పొద్దున్నే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, గాలి గట్టిగా పీల్చి, ఇల్లు ఇప్పుడు బాగుందని మెచ్చుకున్నాడు. రెండు స్టీలు డబ్బాలు తీసి పెట్టాడు. శంకరప్ప ఒకదాంట్లోంచి నెయ్యి తీసి ఎడమచేతి మీద రుద్దాడు. కళ్లు మూసుకున్నాడు. రెండోది తీశాడు, కుడిచేతి మీద రుద్దాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అలవాటుకొద్దీ అరుగంతా నిశ్శబ్దమైంది. ఏదో ఒకటి చూపించవచ్చు. సగానికి సగం అదృష్టం ఉంది, అంతకన్నా తక్కువ ఆధారంతో ఆయన మూడేళ్లు బతికాడు. కళ్లు తెరిచేసరికి గడపలో మునిరత్నమ్మ నిలబడి ఉంది. డబ్బాల వంక కాదు, ఆయన వంక చూస్తోంది, గీతల చేతులు కొంగులో చుట్టుకుని.

శంకరప్ప రెండు మూతలూ పెట్టేశాడు.

“నాకు వాసన రాదప్పా,” అన్నాడు.

“పురుగులు లేవే ఇప్పుడు,” అన్నాడు మారప్ప.

“పురుగులకూ దానికీ సంబంధం లే. జరమొచ్చి పోయినప్పుడే పోయింది.”

మారప్ప తన డబ్బాలు దగ్గరికి లాక్కున్నాడు. మర్యాదస్థుడు కనుక కాఫీ తాగి, బాగుందని చెప్పి, డబ్బాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అతను కుప్పంలో దిగేలోపే సంగతి సంతవీధి దాటింది.

మునిరత్నమ్మ అరిచిందీ లేదు, ఏడ్చిందీ లేదు. గడపలోంచి కదలకుండా ఒక్కమాట అడిగింది.

“తీగ పెరక్కముందు చెప్పకూడదా?”

శంకరప్ప నేతి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

వెన్న గిన్నెలు ఆ అరుగు దగ్గర ఆగడం మానేశాయి. రాజగోపాల్ ప్యాకెట్టు నెయ్యికి మారాడు. శంకరప్ప బజారులో ఒక బెల్లం మండీలో తూకం దగ్గర కూర్చున్నాడు, ఆ పనికి కళ్లు చాలు. మరుసటి ఏడు మంచు మొదలవగానే కంపు పురుగులు అలవాటు ప్రకారం వచ్చాయి. వాటికెవరూ కబురు చెప్పలేదు కదా. ఉత్త గుంజల చుట్టూ తిరిగి, తీగ కనబడక, తిన్నగా ఇంట్లోకి దూరాయి. ఈసారి మునిరత్నమ్మ బేసిను తియ్యలేదు, చీపురు తియ్యలేదు. ఆమె మళ్లీ అనప పెట్టలేదు. కాయలు సంతలో కొనేది, కూర తమకు మటుకే చేసేది.

పురుగుల పని ఆయన మీద పడింది. గుడ్డ అక్కర్లేదు, చేట అక్కర్లేదు. గోడ మీదివి గోడ మీదే వేళ్లతో తీసి కిరసనాయిలు నీళ్లలో వేసేవాడు. నలిగినా జంకడని బయ్యమ్మ కూడా తన ఇంటికి పిలుచుకుపోయేది. ముక్కు శంకరప్ప అన్న పేరు పోలేదు. ఆ పేరు దేనికొచ్చిందో తెలియని కొత్తవాళ్లు వీధిలోకి వచ్చారు, అంతే.

పని అయ్యాక పెరటి గుంజ దగ్గర నిలబడి, నీళ్లు పోసుకునే ముందు, వేళ్లు ఒకసారి ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాడు. కంపైనా సరే తగులుతుందేమోనని. వంటింట్లోంచి ఆమె చూసేది.

“ఏమన్నా తెలస్తాండాదా?”

“లే.”

చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోసేది, మొహం పక్కకు తిప్పుకుని. ఆ కంపు ఆమెకు తగులుతుంది కదా.