బొట్టు లేని తల్లి పటం

నా చిన్నప్పుడు మా మేనత్త ఒకసారి కౌలాలంపూర్ మ్యూజియంలో దొంగలా పట్టుబడింది.

మాది మలేషియాలో సుంగై సుమున్ అనే ఊరి దగ్గర తోట, మావాళ్లు అక్కడ కూలీలు. మా బడిపిల్లల్ని బస్సులో మ్యూజియం చూపించడానికి తీసుకెళ్తూ, తోడుగా పెద్దవాళ్లు కావాలంటే అత్త వచ్చింది. మొదటి హాల్లో ఈ కాలపు చిత్రకారుల బొమ్మలున్నాయి. "ఏటివి, పిల్లలు రంగులొలకబోసినారేటి?" అని అత్త పకపకా నవ్వింది. పక్క హాల్లోకి వెళ్లాక ఆ నవ్వు ఆగిపోయింది. అక్కడ బైజాంటియం అనే పాత రాజ్యపు క్రైస్తవ పటాలు పెట్టారు, ఏదో దేశం నుంచి కొన్నాళ్ల కోసం తెచ్చినవి. చెక్క మీద బంగారు పూత, దాని మీద బిడ్డనెత్తుకున్న తల్లి.

అత్త చెప్పులు విడిచేసింది. "ఒలే అమ్మీ, సూడు, పిల్లోడి తల్లికి బొట్టు లేదు. మొకం ఎంత బోసిగుందో!" అంది. మా ఇళ్లలో గడప నుంచి కుట్టుమిషను దాకా బొట్టు లేనిది ఉండదు. "అత్తా, వద్దు" అని నేను అనేలోపే కొంగుముడి విప్పి, గుడి కుంకుమ తీసి, అడ్డు తాడు మీంచి వంగి చెయ్యి చాచింది.

"జంగన్!" వద్దని మలాయ్‌లో అరుస్తూ కావలివాడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఊపుకి కుంకుమ చెదిరి పటం అంచు మీద పడింది. పోలీసుల్ని పిలవండని ఎవరో అన్నారు. అత్తకి మలాయ్ అంతంతమాత్రం. నా భుజం పట్టుకుని, "నన్ను జైల్లో ఎట్టెస్తారేటే?" అని అడుగుతోంది.

అంతలో తలకు గుడ్డ కట్టుకున్న మలాయ్ పెద్దావిడ వచ్చింది. ఆ పటాల బాగోగులు చూసేది ఆవిడేనట. మెత్తని కుంచెతో ఆ పొడిని కొద్దికొద్దిగా తోస్తుంటే మేమంతా చుట్టూ చేరి చూశాం. చెక్క పగుల్లో ఎర్రగా ఒక చార మిగిలిపోయింది. ఆవిడ మళ్లీ తోసింది. మళ్లీ తోసింది. చివరికి పోయింది. అత్త అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"మక్ చిక్," అంటే పిన్నీ అని పిలిచి, ఆవిడ అత్తను లేవదీసింది. ఈ పటం నా సొంతం కాదు, చూడవచ్చిన వాళ్లందరిదీ, మీదీ కూడా అని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. అత్త కళ్లు తుడుచుకుని, "నాదీ అయితే బొట్టెట్టనీరేటి మరి?" అంది. ప్రాణం కుదుటపడిందో లేదో, నోరు లేచింది! ఆ మాట మలాయ్‌లో చెప్పడానికి నాకు ముచ్చెమటలు పట్టాయి.

ఆవిడ నవ్వలేదు. చిన్న టార్చి వేసి పటంలో బిడ్డ పాదాలుండాల్సిన చోటు చూపించింది. పాదాలు లేవు. బంగారమూ రంగూ అరిగిపోయి ఉత్త చెక్క కనిపిస్తోంది. "వందల ఏళ్లు జనం ముద్దులు పెట్టి, తడిమి తడిమి అరగదీశారు. వాళ్లదీ మీలాంటి ప్రేమే పిన్నీ. ఇంకా ముట్టుకుంటూ పోతే మీ మనవలు చూడ్డానికి మొహం కూడా మిగలదు," అంది. నేను చెప్పింది విని అత్త ఆ చెక్కనే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి రాగానే దేవుడి గూట్లోంచి తన కొడుకు ఫొటో తీసింది. నడక రాని వయసులోనే జ్వరంతో పోయిన పిల్లాడు. ఉన్నది ఆ ఒక్క ఫొటోనే, దానికి అద్దమూ లేదు. ప్రతి శుక్రవారం తడి కుంకుమ అద్ది అద్ది, నుదురూ కళ్లూ ఎర్రటి మచ్చలో కలిసిపోయాయి. కొంగుతో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఓలమ్మో, నా సేత్తో నేనే సెరిపేసినానే," అని గొల్లుమంది. నేనూ ఏడ్చాను.

అత్త పోయాక ఆ ఫొటో నా దగ్గరికి వచ్చింది. ఎవరిదని నా మనవలు అడిగితే, మిగిలిన ఒక చెవినీ గళ్ల చొక్కానీ చూపిస్తాను. శుక్రవారం బొట్టు మానలేదు. కాకపోతే ఫొటో మీద కాదు, దాని పక్కన గోడకి పెడతాను.