సుశీలమ్మక్క ఉడుకునీళ్ల టబ్బు

మా సుశీలమ్మక్క కత ఎవురికి చెప్పినా నాకు ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటాది. అంత బయం, అంత సంతోసం ఒకే పూట పడినోన్ని ఈ తట్టు నేనొక్కన్నే ఉంటా.

నా పేరు యోబు. నాలుగో తరగతిలోనే బడి ఇడిచినోన్ని. జమ్మలమడుగుకు, మైలవరానికి నడాన మా ఊరు. ఊరికి ఒక పక్కన మా పాలెం, అరవై ఓట్లు, ఒక చిన్న చర్చి. మాకందరికీ బండల ఫ్యాక్టరీలోనే పని. నల్లబండలు కోసి పాలిష్ పట్టేది. మిషన్ల కింద ఎప్పుడూ నీళ్లు కారతాంటాయి. బండ పొడి ఆ నీళ్లల్లో కలిసి బూడిద రంగు బురదయితాది. పొద్దున్నే ఆ బురదలో కాలు పెడితే మల్లా సాయంత్రమే తీసేది. అక్క ఆడ బండలు మోస్తాండె. మొగుడు పోయి పదేండ్లు, అప్పట్నుంచి నాతోనే ఉండె. ఆమె మడమల పగుళ్లల్లో వడ్లగింజ పెడితే కనపడకుండా దూరిపోతాది, అట్ల ఉండె కాళ్లు.

ఆమెకు ఒకే ఒక ఆశ ఉండె. ఓటెయ్యాలని. నవ్వొద్దండి. నలభై రెండేండ్ల మనిసి, ఇరవై ఏండ్లుగా పేరు లిస్టులో ఉండాది, ఒక్కసారన్నా ఏలికి సిరా అంటింది లేదు. మేం బూతుకాడికి పోయేలోపలే "మీ ఓట్లు పడిపోయినాయి, పోండి" అంటాండ్రి. మిద్దోళ్లు గెలిస్తే మిద్దోళ్లు ఏసుకున్యారు, కోటోళ్లు గెలిస్తే కోటోళ్లు ఏసుకున్యారు. ఊర్లో ఈ రెండు వర్గాలే. నరుక్కునేది వాళ్లు, తలుపులేసుకునేది మేము.

తొంబై అయిదులో సర్పంచి ఎలక్షన్లు వచ్చె. మిద్దోళ్లకు గొడుగు గుర్తు, కోటోళ్లకు లాంతరు. గొడుగోళ్లు ఇంటికొక ప్లాస్టిక్ టబ్బు పంచినారు. ఎంత పెద్దదనుకున్యారు! అడుగున గొడుగు బొమ్మ అతికించి ఉండె.

టబ్బు ఇంటికొచ్చిన దినమే అక్క దాంట్లో కాళ్లు పెట్టింది. అప్పటిదాకా మా ఇండ్లల్లో రెండు కాళ్లు ఒకేసారి పట్టే గిన్నె లేదు. బక్కెట్లో ఒక కాలు పెడితే ఇంగో కాలు బయట కూచోని తన వంతు కోసం ఎదురుచూడాల్సిందే.

ఆమె ఎట్ల చేసేదో చెప్తా, మీరూ చేసుకోండి. పొయ్యి మింద నీళ్లు పెట్టి పిడికెడు వేపాకు, దంచిన పసుపుకొమ్ము ఏసి బాగా తెర్లనిచ్చేది. టబ్బులో ముందు సల్లనీళ్లు పోసి, పైన ఆ ఉడుకునీళ్లు వంచి, దోసెడు రాళ్లుప్పు ఏసి కలిపేది. కాలు ఊరికే పెట్టనీదు. మోచెయ్యి ముంచి సూసేది.

"మొద్దుబారిన కాలికి ఏడి తెలీదురా, బొబ్బలొస్తాయి. మోచేతికి బాగుంటేనే కాలికి బాగుంటాది" అనేది.

చీలమండలు మునగాల. పావుగంట కూచోవాల. నానినాక గరుకు బండముక్కతో మడమలు మెల్లగా రుద్ది, ఏళ్ల సందులన్నీ గుడ్డతో తుడిచి, ఆముదం పుయ్యాల. సందుల్లో తడి నిలిస్తే మల్లా ఒరిసి పుండవుతాది.

తొలిదినం నేను పెట్టినానా, అబ్బబ్బ! అరికాళ్ల నుంచి నడుం దాకా పట్టుకోని ఉండే నొప్పి, ఎవురో ముడి ఇప్పినట్ల జారిపాయ. కండ్లల్లో నీళ్లొచ్చె. ఆ సంతోసం కడుపులో దాచుకుంటే సరిపోయేది. దాచుకోలేదు. అదే నేను చేసిన తప్పు.

మర్నాడు అమీర్ బాషా టీ బంకుకాడ నిలబడి అందరికీ చెప్పినా. "మా అక్క గొడుగు టబ్బులో కాళ్లు పెట్టిస్తాందిప్పా! రాజులు గూడా ఎరగరు ఆ సుఖం!"

అమీర్ బాషా గలాసు కడగడం ఆపి నా తట్టు సూసినాడు. "యోబూ, మెల్లగా మాట్లాడు" అన్యాడు. అప్పుడు సూసినా. వెనక బెంచీ మింద సుంకన్న కూచోని ఉండాడు. మిద్దోళ్ల జీపులో ముందు సీటు వానిదే.

"గొడుగు మింద కాళ్లు పెడతాండారా మీరు?" అన్యాడు సుంకన్న.

"అది కాదన్నా, టబ్బు పెద్దదిగా ఉంటే..."

"పెద్దదిగా ఉంటే! సరే, పెట్టుకోండి."

అంతే అని లేచి పాయ. నేను సగం టీ బంకు మిందనే పెట్టి ఇంటికొచ్చినా.

ఎలక్షన్ రెండు దినాలుందనంగా వాళ్ల జీపు మా పాలెంలోకి వచ్చె. సుంకన్న దిగి అక్క వాకిట్లో నిలబడినాడు. "ఎల్లుండి ఈ ఈదిలో ఒక్క మనిసి బడి దాపుకు వచ్చినా కాళ్లుండవు. కాళ్లేగదా మీకు ముద్దు" అన్యాడు. బడిలోనే బూతు.

నేను చేతులు కట్టుకోని నిలబడినా. అక్క మాత్రం చీపురు కింద పెట్టకుండానే అడిగింది. "టబ్బు ఇచ్చింది మీరే గదప్పా. నెత్తిన పెట్టుకోమని ఇచ్చినారా?"

"నోరు మూసుకో! మా గుర్తుకు మర్యాద లేదా?"

జీపు పాయ. ఆనందమ్మత్త మా ఎదురింటామె. వాకిట్లోకొచ్చి నన్ను పట్టుకోని తిట్టింది సూడు! "నీ కాళ్లకు సుఖమైతే నువ్వు పడుండాల. బంకుకాడ డప్పు కొట్టాల్నా? ఈసారి కోటోళ్లు గూడా గట్టిగా ఉండారు, మనకూ ఓటు దక్కుతాదేమో అనుకుంటిమే!"

అక్క చీపురు గోడకు ఆనిచ్చింది. టబ్బు కడిగి, నిజంగానే నెత్తిన పెట్టుకోని నడిచింది.

"యాడికి పోతాండావక్కా?"

"మిద్దెకాడికి."

"సంపుతారు!"

"రా, లేదంటే ఈడే ఏడుస్తా కూచో."

ఎనకాలే పోయినా. ఒళ్లంతా సెమట. మిద్దె అరుగు మింద మిద్దోళ్లను నడిపే పెద్దాయన తల్లి గురమ్మ కూచోని ఉండె. ఎనభై ఏండ్లుంటాయి. కొడుకు ఊరికి పులి, ఆమె ముందర మాత్రం పిల్లి. మొగోళ్లెవురూ లేరు, ప్రచారానికి పోయినారు.

"ఎవురే అది, టబ్బు నెత్తిన పెట్టుకోని?"

"నేనమ్మా, పాలెం సుశీలమ్మను. దీంట్లో కాళ్లు పెట్టినానని మా ఈదోళ్లను ఓటుకు రావద్దంటాండారు. తప్పైతే టబ్బు తీసుకోండి. గొడుగు అడుగున అతికించినారు. కాళ్లు అడుగున పెట్టక అంచు మింద పెడతామామ్మా?"

ముసలామె నవ్వింది. పండ్లు లేవు, నోరంతా నవ్వే. "కాళ్లు ఎందుకు పెట్టినావు దాంట్లో?"

అక్క అంతా చెప్పింది. వేపాకు, పసుపు, ఉప్పు, మోచెయ్యి. గురమ్మ చీర కొంచెం పైకి లాగి తన కాళ్లు సూపించింది. ఉబ్బిపోయి ఉండాయి, మడమలు మా మాదిరే పగిలి. బండలు మోయని కాళ్లు గూడా పగులుతాయని నాకు ఆ పొద్దే తెలిసె.

"అరికాళ్ల మంటమ్మే. నిద్ర లేదు. పోతాదా?"

"పోతాదని చెప్పనమ్మా. కొంచేపు నిమ్మళంగా ఉంటాది."

"ఈడ వద్దులే. నా కొడుకు సూస్తే ఎలక్షన్ ముందర ఇదేం పని అని ఎగురుతాడు. పో, టబ్బు తీసుకోని పో."

ఓటు మాట ఎత్తనే లేదు. అట్లే తిరిగొచ్చినాం.

పోలింగు దినం. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా టైము. ఆరుకే సుంకన్న, ఇంగా ఇద్దరు మనుసులు మా ఈది మొగదాల జీపు అడ్డం పెట్టుకోని కూచున్యారు. జీపులో బాంబులుండాయని అందరికీ తెలుసు. ఎనిమిదిన్నరకు ఇద్దరు ముసలోళ్లు పోబోతే తిప్పి తోలినారు. తొమ్మిదాయ, పదాయ. అక్క ఉతికిన చీర కట్టుకోని, ఓటు చీటీ చేతిలో పట్టుకోని గడప మింద కూచోని ఉండాది. నేను ఆమె మొగం సూల్లేక గోడ తట్టు తిరిగి కూచున్యా.

పదకొండుకు మిద్దోళ్ల అంబాసిడర్ కారు ఈదిలోకి వచ్చె. "బాంబులు!" అని ఎవురో అరిచినారు. తలుపులన్నీ దబదబా పడినాయి. కారు మా వాకిట్లోనే ఆగె. డోరు తీసుకోని కట్టె ఊతంతో దిగింది ఎవురనుకున్యారు? గురమ్మ!

"ఏమే సుశీలా, నీళ్లు కాంచినావా?"

అక్క చీటీ రొండిన దోపుకునె. "ఇప్పుడే కాంచుతానమ్మా!" అని పొయ్యికాడికి ఉరికింది.

ముసలామె వాకిట్లో బండ మింద కూచునె. మా ఇంట్లో మంచినీళ్లు తాగదు, అది వాళ్ల పద్ధతి. కాళ్లు మాత్రం మా నీళ్లల్లో పెట్టింది. పెట్టి "అమ్మా..." అని కండ్లు మూసుకునె. సరిగ్గా గొడుగు బొమ్మ మిందనే రెండు పాదాలు!

సుంకన్న ఉరుక్కుంటా వచ్చినాడు. "అవ్వా, ఈడేం పని నీకు? పెద్దాయనకు తెలిస్తే..."

"నా కాళ్లు నీళ్లల్లో ఉండాయి, కనపడలేదా? ఎండ కొడతాండాది. కార్లో గొడుగు ఉండాది, తెచ్చి పట్టుకో."

తెచ్చి పట్టుకున్యాడు! మీసాలోడు, గొడుగు పట్టుకోని గుడి ముందర బొమ్మ మాదిరి నిలబడినాడు. ముసలామె మొగదాల ఉండే ఇద్దరి తట్టు చెయ్యెత్తింది. "రేయ్, జీపు పక్కకు తియ్యండ్రా. ఆడోళ్లు నడిచే దోవ అది."

తీసినారు. కోటోళ్లు గూడా ఇంగ ఈ ఈది దాపుకు రారు. ఎంత పగ ఉన్యా ఆడమనిసి కూచున్న చోట వాళ్లు చెయ్యెత్తరు. అక్క నా తట్టు సూసె. నేను ఆనందమ్మత్త తట్టు సూస్తి. ఆమె కొంగు నడుంకు చెక్కుకోని జీపు ముందర్నుంచే నడిచి పాయ. అరగంటకు ఏలు పైకెత్తుకోని వచ్చె. నల్లటి సిరా! ఈదంతా ఒకేసారి ఊపిరి పీల్చుకునె.

"నీళ్లు సల్లారితే నేను లేచిపోతా" అనె గురమ్మ, కండ్లు తెరవకుండానే.

ఇంగ సూడండి మా హడావిడి! పావుగంట చేసే పని గంటన్నర చెయ్యాల. నేను పొయ్యికాడ కూచుంటి. కందికట్టె అయిపాయ. పక్కింటోళ్లు వాళ్ల కట్టెలు తెచ్చి పడేసి ఓటుకు ఉరికిరి. అవీ అయిపాయ. దడి పీకినా. ఎండిన దడి బగ్గున మండె. నేను తపేలా తెస్తాంటే, అక్క ముసలామె కాళ్లు ఒక పక్కకు జరిపి పోసి, మోచెయ్యి ముంచి సూసి, మల్లా మడమలు రుద్దుతాండాది. నలుగురు పోతాండారు, అయిదుగురు వస్తాండారు. పన్నెండున్నరకు నేనూ ఉరికి ఓటేసి వచ్చినా. తొందరలో ముద్ర వంకరగా పడిందేమో, ఇప్పటికీ అనుమానమే.

అందరిదీ అయిపాయ. అక్కది తప్ప.

"అక్కా, నేను పట్టుకుంటా, నువ్వు పో!"

గురమ్మ కండ్లు తెరిచింది. "మొగోడివి, నువ్వెందుకురా నా కాళ్లు పట్టేది? నీ చేతులు సూడు, ఆకురాయి మాదిరి ఉండాయి."

అక్క లేవలేదు. ముసలామె లేచిపోతే ఏమయితాదోనని బయం. పది నిమిసాలుండాది ఒంటిగంటకు. బడి నడిచిపోతే పది నిమిసాలు. అక్క తల వంచుకోని రుద్దుతానే ఉండాది, ముక్కు కొస నుంచి ఒక చుక్క టబ్బులో పడె. సెమటో ఏమో.

గురమ్మ ఆమె రొండిన దోపుకున్న చీటీని సూసె. "నీది కాలేదామ్మే?"

"లేదమ్మా."

"ముందే చెప్పాల గదే! సుంకా, ఆ గొడుగు ఈనికియ్యి. దీన్ని కార్లో ఎక్కించుకోని బడికాడ దింపి, మల్లా నువ్వే తోడుకరా. ఆలిస్యమైతే నాకు తెలుస్తాది."

సుంకన్న మొగం సూడాల్సింది అప్పుడు! మిద్దోళ్ల కార్లో, ముందర సుంకన్న, ఎనక సీట్లో మా అక్క! తడి చేతులు కొంగుకు తుడుచుకుంటా, చీటీ నోట్లో పట్టుకోని ఎక్కింది. దుమ్ము లేపుకుంటా కారు పాయ. నేను గొడుగు పట్టుకోని నిలబడినా. పాలెమంతా ఈదిలోకి వచ్చి బడి తట్టే సూస్తాండారు. గురమ్మ మాత్రం "ఉప్పు కొంచెం ఎక్కువ ఏసినట్లుంది" అంటాంది.

కారు వచ్చె. అక్క దిగె. నవ్వుతాందో ఏడుస్తాందో తెలీలేదు. ఏమైందక్కా అని అడగబోతే నన్ను దాటుకోని పోయి టబ్బు ముందర కూచునె. ముసలామె కాళ్లు ఒళ్లో పెట్టుకోని గుడ్డతో తుడిచి, ఆముదం తీసుకోని ఏళ్ల సందుల్లో పుయ్యబట్టె.

"ఏలు ఏందే నల్లగుండాది?"

"ఓటు సిరా అమ్మా."

"నా కాళ్లకు అంటిస్తావేమో సూడు."

"అంటదులేమ్మా" అనె అక్క. "ఎండిపోయినాది."