శివారు చేలు ముందు

చచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారంటే నేను ఏనాడూ నమ్మలేదు. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కలుపు తీసినదాన్ని. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు.

మాది రాజమండ్రి అవతల, కాలువ కింద పల్లెటూరు. మా అన్నయ్య పంచదార ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవాడు. ఏ రైతు చెరకు ఎప్పుడు కొట్టాలో చెప్పే ప్రోగ్రాము ఆయనే కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో రాశాడు. ఆయన పోయాక అది, అదే ఆఫీసులో చేరిన ఆయన కూతురు, మా మేనకోడలు సుజాత చేతికొచ్చింది.

అందులో రైతులకు ఇన్నే గళ్ళని ముందే కట్టేశాడట. కొత్తవాళ్ళకు చోటు లేదు. అందుకని సుజాత ఇప్పటి రెడీమేడ్ ప్రోగ్రాముల లైబ్రరీలోంచి డిక్షనరీ అనే కలెక్షన్‌ను, అంటే పేర్లు దాచే సంచి లాంటిదాన్ని, దానికి తగిలించింది. అందులో ఎంతమందైనా పడతారట.

"కానీ వరుస గుర్తుపెట్టుకోదు అత్తా. సంచిలో పోసిన వంకాయలే అనుకో. ఏది ముందు చేతికొస్తుందో చెప్పలేం" అంది.

అక్కడే చిక్కొచ్చింది. అన్నయ్య వరుసను ప్రోగ్రాములో రాయలేదు. చేలు తిరిగి చూసి, పేర్లను ఆ వరుసలోనే ఎక్కించేవాడు. సుజాత చూసుకోకుండా పాత ఫైలు మీదే కొత్తది ఎక్కించేసింది. దాంతో ఆ వరుస చెరిగిపోయింది. మర్నాటికి వరుస కుదరకపోతే అన్నయ్య ప్రోగ్రామునే తీసేస్తామన్నారు పైవాళ్ళు.

మధ్యాహ్నం ఆఫీసుకు మజ్జిగ తీసుకెళ్ళాను. సుజాత తల పట్టుకుని కూర్చుంది.

"అన్నం తిన్నావా?"

"వరుస దొరికితే తింటాను."

"వరుస కడుపు నింపుతుందేంటే? లే."

"ఇంకొక్కసారి నడిపి లేస్తాను" అని మీట నొక్కింది.

పేర్లు వచ్చాయి. కూడబలుక్కుంటూ చదివాను. నేను కూలికెళ్ళిన చేలే అన్నీ. ముందు కాలువ శివారువి. నీళ్ళు ఆఖరున అందుతాయి కాబట్టి అక్కడ చెరకు త్వరగా ఎండిపోతుంది. తర్వాత నడిమివి. ఆ తర్వాత కాలువ మొదట్లోవి. ఒక్క పేరూ తప్పలేదు.

"నువ్వు చెప్పావా దానికి?"

"నాకే తెలీదు కదత్తా!"

చివర ఉన్నది సుజాత పేరే. అన్నయ్య చేను ఇప్పుడు ఆమె పేరిట ఉంది. అదీ శివారుదే. అయినా అన్నయ్య ఏటా దాన్ని అందరి వెనకా పెట్టేవాడు. మన చెరకే ఎండాలా అని వదిన ఎంత సాధించినా వినేవాడు కాదు.

"చూశావా, నన్ను కూడా ఆఖర్నే నించోబెట్టాడు" అని సుజాత నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

ఆ పేర్లను కాగితం మీద ఎక్కించుకుని, ఆ వరుసనే ప్రోగ్రాములో రాసింది. అన్నయ్య ప్రోగ్రాము నిలబడింది. ప్రోగ్రాములో రాయకముందు మళ్ళీ నడిపి చూస్తే మాత్రం పేర్లన్నీ చెదిరిపోయాయి.

"ఏదో ఒక వరుస రావాలి కదండీ, అలా వచ్చిందంతే" అన్నాడు సుజాతతో పనిచేసే ఆయన. కావచ్చు. కాదనే చదువు నాకు లేదు. మా చేను సంగతి ఆ సంచికెవరు చెప్పారో మాత్రం నాకింతవరకూ అంతుపట్టలేదు.