నేతముడికి చిక్కిన గుర్రం

సాలోళ్ల ఇంట్లో కోతి జొరబడినట్టు అని మా నేతగాళ్ల కులం మీద ఒక సామెత ఉంది. మా ఇంట్లో కోతి జొరబడలేదు. గుర్రం జొరబడింది. అదీ నేనే పగ్గం పట్టుకుని తీసుకొస్తే.

భివండిలో పవర్‌లూమ్ పని మానేసి సిద్దిపేటకు తిరిగొచ్చిన ఏడాది అది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్ల మీదే ఉండేది. దుకాణాలు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ గుర్తున్నాయి. ఎన్ని బందులు జరిగినా పెళ్లిళ్లు ఆగవు, పెళ్లికొడుకులు బరాత్‌లో గుర్రమెక్కక మానరు అనుకుని, జగదేవ్‌పూర్ దిక్కున ఒకాయన దగ్గర తెల్లటి గుర్రప్పిల్లను కొన్నాను. "బచ్చా ఉన్నది భాయ్, ప్యార్‌తోని సూస్కో" అన్నాడాయన. ప్యార్ నా వైపు నుంచే ఉండాలని, గుర్రానికి అలాంటి షరతేమీ లేదని మాత్రం చెప్పలేదు.

వచ్చిన పూటే అది నా భుజం కొరికింది. మా బాపు మగ్గం గుంతలోంచి లేచి వచ్చి గడపలో నిలబడి చూశాడు.

"మగ్గం కరుస్తదారా? కరువది. అందుకే నీకు మగ్గం వద్దు, కరిచేది గావాలె."

బాపుకూ నాకూ ఎన్నడూ పడలేదు. పడుగూ పేకా కూడా ఒకదానికొకటి అడ్డమే, అయినా కలిస్తే బట్ట అవుతాయి. మేమిద్దరం కలిసి తగాదాలే నేశాం.

ఇంత ఇష్టం లేకపోయినా గుర్రాన్ని కట్టింది బాపే. మా ఇంట్లో ముడి అనేది ఎక్కడ పడాలన్నా ఆయన చేతి మీదుగానే పడాలి, నా పెళ్లితో సహా. తెగిన పోగులను అతికే నేతముడి ఆయన వేళ్లకు రెప్పపాటు పని. ఆ ముడి గుంజేకొద్దీ బిగుస్తుంది. పోగైనా తెగుతుంది గాని అది విడదు. అదే ముడితో పగ్గాన్ని వాకిట్లో గుంజకు కట్టి చేతులు దులుపుకున్నాడు.

"ఇగ దీని తాతొచ్చి గుంజినా ఊడది."

తాత రావలసిన పని పడలేదు. వాడ చివర ఏదో ఊరేగింపులో డప్పు మోగింది. గుర్రం ఉలిక్కిపడి వెనక్కి గుంజింది. పగ్గం బిగిసింది. తల కదలకపోయేసరికి దానికి ప్రాణభయం పట్టుకుని, వెనక కాళ్ల మీద కూలబడినంత పని చేసి ఇంకా గుంజింది. విప్పుదామంటే అది నేతముడి, విప్పడానికి పుట్టింది కాదు. మెడ విరుచుకునేలా ఉంటే కత్తి తెచ్చి పగ్గం కోయక తప్పలేదు.

గుర్రం ఆ పాఠాన్ని ఒక్కసారికే నేర్చుకుంది. గట్టిగా గుంజితే తాడు ఓడిపోతుంది! బడిలో నేనేదీ అంత తొందరగా నేర్చుకున్నది లేదు. ఆ తర్వాత ఏ తాడుతో కట్టినా గుంజుడే. బాపు మరింత లావు తాడు తెచ్చేవాడు, మరింత గట్టి ముడి వేసేవాడు. ముడి నిలిచేది, తాడు తెగేది. "సూసినవా, నా ముడి ఊడలే" అనేవాడు, గుర్రం పారిపోతున్న దిక్కు చూస్తూ.

అది పారిపోయేది ఎదురింటికే. ఎదురింటి పెద్దమ్మ తెల్లవారకముందే వాడ పొడుగునా పడుగు చాచి గంజి పట్టించేది. గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదంటారు. మాదానికి కళ్లు కూడా బాగానే ఉండడంతో గంజిని దూరం నుంచే పసిగట్టింది. నాకి, పోగుల్లోకి కాళ్లు పెట్టి, చిక్కుకుని, బెదిరి, సగం పడుగును ఈడ్చుకుంటూ పోయింది.

"ఓ భివండి దొరా! నీ గుర్రానికి గంజి వోసెతందుకా నేను కోడి గుయ్యకముందు లేసేది? ఈ పోగులన్నీ ఎవడతుకుతడు?"

"నేనతుకుత పెద్దమ్మా."

"నువ్వతికితే గది పడుగైతదా? పిట్టగూడైతది!"

వాడంతా పోగైంది. అందరూ తలొక వైద్యం చెప్పారు. ముల్లుగర్రతో వెనక పొడవాలని ఒకరు, ఎద్దుకు పొడిచినట్టు ముక్కుతాడు పొడవాలని ఇంకొకరు. అందరి ముందే బాపు తీర్పు చెప్పాడు.

"ఇంకొక్కసారి తెంపుకున్నదా, జగదేవ్‌పూర్‌కు వాపస్ తోలిస్త. అడ్డమొస్తే నిన్ను గూడ గదే డీసీఎంల ఎక్కిస్త."

నన్నెక్కించడానికి డీసీఎం లారీ అక్కరలేదు. గుర్రం పోతే నాకు సిద్దిపేటలో మరో బతుకుతెరువు లేదు, భివండి రైలే గతి. అందుకే నాలుగైదు రోజులు దాన్ని కట్టకుండా పగ్గం చేత్తో పట్టుకుని తిరిగాను. మేమిద్దరం మేతకు వెళ్లినట్టే ఉండేది. ఎవరు ఎవరిని మేపుతున్నారో చూసేవాళ్లకు తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం బాపు బువ్వ తింటుంటే కాసేపు మగ్గంలో కూర్చున్నాను. నేసిన బట్ట చుట్టుకున్నప్పుడల్లా ముందున్న పడుగును కొంచెం వదలాలి. దాన్ని పట్టి ఉంచే తాడు మగ్గం గుంజకు రెండు చుట్లు తిరిగి, కొస నేసేవాడి కుడిచేతి పక్కకు వస్తుంది. ఆ గుంజ దగ్గర ముడి ఉండదు. చుట్టే పట్టుకుంటుంది. కావలసినప్పుడు జారుతుంది, మళ్లీ బిగిస్తే ఆగుతుంది. ముడి పోగులకు, చుట్టు తాడుకు. పుట్టినప్పటి నుంచి నా కళ్ల ముందే ఉన్న సంగతి.

మర్నాడు బందు. ఖాళీ రోడ్డు మీద ఒక కరెంటు స్తంభానికి పొడుగాటి పగ్గాన్ని రెండు చుట్లు చుట్టి, కొస నా చేతిలో పెట్టుకుని, రెండో చేత్తో గోనెసంచి విదిలించాను. గుర్రం గుంజింది. తాడు బరువుగా జారింది, గుర్రం వెనక్కి జరిగింది. తల బిగుసుకోలేదు, పోట్లాడడానికి అవతల ఎవరూ దొరకలేదు. ఆగి నా వైపు అనుమానంగా చూసింది. మెల్లగా తాడు దగ్గరకు తీసుకున్నాను. మళ్లీ విదిలించాను.

బందు చేయిస్తున్న పోరగాళ్లు దుకాణం అరుగు మీద నుంచి కేకేశారు. "ఏందన్నా, అందరికీ బందంటే నీ గుర్రానికి డ్యూటీయా?"

"ఇది బందులనే పుట్టింది తమ్మీ. బందనాలు నచ్చవు దీనికి."

ఎవరూ నవ్వలేదు. గుర్రం మాత్రం తుమ్మింది.

బందు ఉన్న ప్రతి రోజూ అదే పని. గోనెసంచి తర్వాత పళ్లెం, పళ్లెం తర్వాత డప్పు. ఈ కబురు బాపు చెవిన పడింది. "పండుగకు పసుపువెట్టి మొక్కేటి గుంజ అది. గా సుట్టు తీస్కపోయి కొరికేదానికి సుడుతవా?" అని నాతో మాటలు మానేశాడు. మాటలు మానేశాడంటే తిట్లు మానేశాడని కాదు. నాకు వినబడేలా గోడను తిట్టేవాడు.

ఇంతలో మా వాడ వంతు వచ్చింది. ఉద్యమంలో ఒక్కో వృత్తివాళ్లు ఒక్కో రోజు రోడ్డు మీదే తమ పని చేసి చూపుతున్నారు. హైదరాబాద్ రోడ్డుకు అడ్డంగా పడుగు చాచాలని మావాళ్లు అనుకున్నారు. పెద్దమ్మ తన కొత్త పడుగే ఇచ్చింది. పక్కన జెండాతో గుర్రం కూడా నిలబడాలని పిల్లలు పట్టుబట్టారు. మొన్నటిదాకా ముక్కుతాడు పొడవమన్నవాళ్లే దాని మెడలో బంతిపూల దండ వేశారు.

"అదొస్తే నా పడుగు రాదు" అంది పెద్దమ్మ.

"నేను గడత. ఎట్ల ఊడుతదో సూస్త" అన్నాడు బాపు, గోడ దగ్గర లేకపోవడంతో నేరుగా నాతోనే.

"నువ్వు గట్టద్దు బాపూ."

వాడంతా వింటుండగా ఆయన చేతిని పగ్గం మీది నుంచి తీసేశాను. ఆయన ముఖం నల్లబడింది. నేను రోడ్డు పక్క స్తంభానికి రెండు చుట్లు చుట్టి కొస పట్టుకున్నాను.

డప్పులు మొదలయ్యాయి. గుర్రం గుంజింది. తాడు జారింది. అది వెనక్కి జరిగి, ఆగి, చెవులు తిప్పి నిలబడింది. అంతలో పోలీసు జీపు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. జనం ఒక్కసారిగా లేచి పరుగెత్తారు, పడుగు మీది నుంచే. ఈసారి గుర్రం ఇంకా గట్టిగా గుంజింది. తాడు నా చేతులను కాలుస్తూ దాదాపు కొసదాకా పోయింది. అక్కడ గుర్రం ఆగింది. వణుకుతోంది, కాని నిలబడింది.

జీపు వెళ్లిపోయాక పెద్దమ్మ వచ్చి పడుగు పక్కన కూలబడింది. పోగులన్నీ మట్టిలో కలిసి ఉన్నాయి. ఒక్కొక్క పొరా లేపి, గిట్ట గుర్తు కోసం వెతికింది. అన్నీ చెప్పుల గుర్తులే. దాంతో ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"అయినా సరే, గుర్రాన్ని తోలియ్యాల్సిందే."

"ఎందుకు తోలాలె?" అన్నాడు బాపు. "పడుగు తొక్కింది మనుషులు. మనుషులందరిని డీసీఎంల ఎక్కిస్తవా? తెంపుకుంటే తోలిస్త అన్న. తెంపుకోలే. ఉంటది." నా వైపు వేలు చూపించాడు. "వీడెన్ని దినాలుంటడో గది సూద్దాం."

పెద్దమ్మ చుట్టూ చూసింది. పడుగు అంచు పక్కనే, ఇంకా పొగలు కక్కుతూ, కొత్త సాక్ష్యం దొరికింది.

"మరి గీ లద్ది? ఇది గూడ మనుషులదేనా?"

ఎత్తడానికి వంగింది నేనే. గుర్రం అదను చూసి నా భుజం కొరికింది.